నిద్రపోయే కోళ్లకు కొలతలు

ఏది కనపడితే దాన్ని కొలవడం ఆ దర్జీకి పుట్టుకతో వచ్చిన జబ్బు. కిటికీకి తెర కుట్టమంటే కిటికీతో ఊరుకోడు, అవతల కనపడే ఆకాశం ముక్కని కూడా కళ్లతో ఓసారి కొలిచేస్తాడు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు ఆ వీధిలో ఒక్కరూ లేరు. నిద్రలోనైనా తీస్తాడా అని ఎవరైనా అడిగితే, "తియ్యరు, పైగా అప్పుడప్పుడు నన్ను కొలుస్తారు" అని ఆయన భార్య చెప్పేది. ఆవిడ నవ్వుతూ మాట్లాడే రోజుల సంగతి అది.

ఆవిడకి ఒక చెల్లెలు ఉండేది. దర్జీకి మరదలు. "బావా, నిన్ను వదిలేస్తే పొగమంచుకి కూడా చొక్కా కుడతావు" అని ఆయన్ని ఏడిపించుకు తినేది. పెళ్లీ గిళ్లీ వద్దనుకుని, ఊరి చివర ఓ పెద్ద తోట అద్దెకి తీసుకుని, దాని నిండా కోళ్లు పెంచుకుంటూ హాయిగా బతికిన మనిషి. వానాకాలం మొదట్లో జ్వరమని పడుకుంది. మళ్లీ లేవలేదు. తోట దాని సొంతదారుకి పోయింది, కోళ్లు అక్కకి వచ్చాయి.

దర్జీ మంచివాడే, అందులో సందేహం లేదు. కానీ ఎవరైనా ఏడిస్తే మాత్రం చూడలేడు. చెల్లెల్ని సాగనంపిన రోజు భార్య ఏడవడానికి నోరు తెరవబోతుంటే, గబగబా మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టి, "ఏడవకు, ఏడవకు, నీ ఒంటికి మంచిది కాదు" అన్నాడు. ఆవిడ నీళ్లు తాగేసింది. ఏడుపు కూడా ఆ నీళ్లతో పాటు లోపలికి పోయింది. మర్నాడు పెదవి వణికితే మళ్లీ గ్లాసు. ఆ మర్నాడూ అంతే. చివరికి ఆవిడ ఏడవడం మానేసింది. తర్వాత మాట్లాడడం మానేసింది, ఆ తర్వాత మంచం దిగడం మానేసింది.

దాంతో దర్జీకి భయం పట్టుకుంది. వీధి గదిలో దుకాణంలో ఉండాల్సిన కుట్టుమిషన్‌ని పడకగదిలోకి ఈడ్చుకొచ్చి మంచం పక్కనే వేసుకున్నాడు. ఆవిడ మీద ఓ కన్నేసి కుడుతూ కూర్చునేవాడు. ఆవిడ కళ్లు తెరిస్తే ఎదురుగా ఆయన. మూసి తెరిస్తే ఇంకాస్త దగ్గరగా ఆయన. ఇంత చేసినవాడు మరదలి కోసం తను ఎప్పుడు ఏడ్చాడంటారా? ఏడవలేదు. భార్యని కాపలా కాయడంలో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

ఆవిడని మంచం మీద నుంచి లేపగలిగినవి ఒక్క కోళ్లే. తెల్లవారుతుంటే, పెరట్లో మంచు ఇంకా విడవకుండానే, గుడ్డు పెట్టిన కోడి ఏదో ఒకటి చాటింపు వేసినట్టు అరిచేది. ఆ అరుపుకి ఆవిడ లేచి, శాలువా కప్పుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి నడిచేది. కోళ్లు అప్పట్లో ఇల్లూ పెరడూ తేడా లేకుండా తిరిగేవి. ఆరేసిన దుప్పట్ల నీడలో ఒకటి, గుండీల బుట్టలో ఒకటి, కత్తిరించి పడేసిన గుడ్డపీలికల కుప్పలో ఒకటి, ఎక్కడ పడితే అక్కడ గుడ్లు పెట్టేవి. ఆ తెల్లటి మంచులో ఆవిడ కలలో నడుస్తున్న మనిషిలా వెతుక్కుంటూ తిరిగేది. దొరికిన గుడ్డుని చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకునేది. "వెచ్చగా ఉందండీ" అనేది. రోజు మొత్తం మీద ఆవిడ నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే. దర్జీ ఆ మాట కోసం వంటగది గుమ్మంలో కాచుకుని ఉండేవాడు.

ఇంతలో గోడ మీద ఓ గండుపిల్లి మకాం పెట్టింది. ఒకనాటి పొద్దున్న చుక్కల కోడి తోక ఈకలు దాని నోట్లో కనపడ్డాయి. కోడి బతికిపోయింది గాని, దర్జీ గుండె జారిపోయింది. వీటిలో ఒక్కటి పోయినా ఇంట్లో మనిషి ఏమైపోతుందో! ఆ సాయంత్రమే పక్కింటి వడ్రంగిని పిలుచుకొచ్చాడు.

"గూడు కట్టాలి తమ్ముడూ. మామూలు గూడు కాదు. ఒక్కోదానికి ఒక్కో అర, దాని ఒంటి కొలత ప్రకారం."

"కోడికి ఒంటి కొలతేంటన్నా?" అన్నాడు వడ్రంగి నోరు వెళ్లబెట్టి.

"నువ్వు చెక్క కొయ్యి. కొలతలు నాకొదిలెయ్."

పగలు కోడి చేతికి చిక్కుతుందా? అందుకని పొద్దుగూకే దాకా ఆగారు. పెరటివైపు గోడకి ఆనుకుని దర్జీ కటింగు గది ఉంది. కోళ్లన్నీ అక్కడ కటింగు బల్ల అంచున వరసగా ఎక్కి, మెడలు ఈకల్లోకి లాక్కుని, గురకలాంటి చిన్న చప్పుడు చేస్తూ నిద్రలోకి జారుకున్నాయి. కిటికీలోంచి నారింజ రంగు వెలుతురు వాటి వీపుల మీద పడుతోంది. దర్జీ మునివేళ్ల మీద నడుస్తూ ఒక్కోదాని చుట్టూ టేపు తిప్పాడు. ఛాతీ, పొడుగు, మెడ ఎత్తు. గొణుగుతూ చెబుతుంటే వడ్రంగి సుద్దముక్కతో చెక్క మీద రాసుకున్నాడు. మరదలు పెట్టిన పేర్లే వాటికి ఇంకా ఉన్నాయి. రాణిగారు అని ఒక పెద్ద ఎర్రకోడి ఉంది, అది టేపు తగలగానే ఒక కన్ను తెరిచి, "ఏమిటీ వేళాకోళం" అన్నట్టు చూసి మళ్లీ మూసేసుకుంది. బొద్దుపిల్ల అయితే ఆయన అరచేతిలో గడ్డం ఆనించి అలాగే పడుకుంది. అన్నేళ్ల పనిలో ఇంత బుద్ధిగా కొలతలిచ్చిన వాళ్లని దర్జీ చూడలేదు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"మరీ ఇంత బిగుతా?" అన్నాడు వడ్రంగి, కాగితం మీద గీసిన కటింగు చూసి.

"బిగుతు కాదయ్యా, ఫిట్టింగు!"

గూడు తయారైంది. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది. అరలకి లోపల మెత్తటి ఫ్లానెల్ గుడ్డ, ముందు చిన్న చిన్న తెరలు, తెరలకి కుచ్చులు. వీధిలో వాళ్లంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఒక్కో కోడీ తన అరలో, జేబులో రుమాలు పెట్టినట్టు సరిగ్గా సరిపోయింది. పిల్లి భయంతో దర్జీ వాటిని పగలు కూడా అందులోనే ఉంచాడు. మేత కాళ్ల దగ్గరికే, నీళ్లు ముక్కు దగ్గరికే. ఇంతకన్నా సుఖం ఏ కోడికి దొరుకుతుంది అనుకున్నాడు.

గుడ్లు తగ్గాయి. కొత్తచోటు కదా, అలవాటు పడాలి అనుకున్నాడు. ఇంకా తగ్గాయి. మేత మార్చాడు. గుడ్డు పెంకు గట్టిపడాలని సున్నం కలిపాడు, చివరికి బతిమాలాడు కూడా. ఓ పొద్దున్న అసలు ఒక్క కోడీ అరవలేదు. రాణిగారు సందులోంచి మెడ చాచి పక్క అరలో ఉన్న చుక్కలదాని వీపు ఈకలన్నీ పీకేసింది. బొద్దుపిల్ల తురాయి పాలిపోయింది. పెరట్లో మంచు మాత్రం రోజూలాగే వచ్చి కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

మంచం మీద ఆవిడ కళ్లు తెరిచి ఆ అరుపు కోసం చెవులు రిక్కించింది. ఎండ కిటికీ దాకా పాకేవరకూ ఎదురుచూస్తూనే ఉంది. తర్వాత గోడవైపు తిరిగి, "చెల్లి అలిగిందండీ" అంది.

మర్నాడూ ఆవిడ లేవలేదు, ఆ మర్నాడూ లేవలేదు. టీ కప్పు పక్కన టీ కప్పు చల్లారిపోతోంది. ఈ మనిషి కూడా ఇలాగే కరిగిపోతుందేమో, తను మిషన్ తొక్కుతూ చూస్తూ కూర్చుంటాడేమో అనిపించింది దర్జీకి.

అప్పుడు ఆయనకి ఓ దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. గుట్టుచప్పుడు కాకుండా వీధి చివర కొట్టుకెళ్లి గుడ్లు తెచ్చాడు. అవి చల్లగా ఉన్నాయి. ఆవిడ చెంపకి ఆనించుకుంటే దొరికిపోతాడు కదా! అందుకని ఫ్లానెల్ ముక్కలో చుట్టి, పైన ఇస్త్రీపెట్టె మెల్లగా ఆనించి, కాసేపు వెచ్చబెట్టాడు. తీసుకెళ్లి అరల్లో సర్దాడు. ఇక అరవాలి. కోళ్లు అరవవు. అటూ ఇటూ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ పెద్దమనిషి తనే "కొక్... కొక్... కొక్కొక్కో" అని అరిచాడు. రాణిగారు తెర పక్కకి తోసి ఆయన్ని ఎగాదిగా చూసింది.

ఆవిడ లేచింది. అంత మత్తులోనూ లేచి, శాలువా సర్దుకుంటూ వచ్చింది. గుడ్డు తీసి చెంపకి ఆనించుకుంది. కళ్లు మూసుకోబోయి మళ్లీ తెరిచి, వంటగదిలోకి నడిచి, పెనం అంచుకేసి కొట్టింది. గుడ్డు సగం జారింది. మిగతా సగం ఉడికి, పెంకుకి అంటుకుపోయి ఉంది.

ఆవిడ పెంకు వంక చూసింది, మొగుడి వంక చూసింది. "మీరు కూడా నాతో నిజం చెప్పరా?" అంది. వెళ్లి పడుకుంది. దర్జీ ఆ పెనం ముందు బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు.

ఆ మధ్యాహ్నం మిషన్ మీద తల వాల్చి ఓ కునుకు తీశాడు. కలలో కోళ్లన్నీ దుకాణం ముందు వరస కట్టాయి. అన్నిటికీ ఆయనే కోట్లు కుట్టాడు, మెడ దాకా గుండీలు పెట్టాడు. రాణిగారు అద్దం ముందు నిలబడింది. "ఎలా ఉంది?" అని అడిగాడు. అది ముక్కు తెరవలేకపోయింది. కాలర్ అంత బిగుతు. వెనక తలుపు దగ్గర మరదలు నిలబడి ఉంది, జుట్టులో గడ్డిపరకలతో. "బావా, రెక్కలు ఎటుపోయాయి?" అంది. ఆయన రెక్కల కోసం గుండీల బుట్టలో వెతుకుతున్నాడు. ఎంత వెతికినా గుండీలే దొరుకుతున్నాయి.

"ఏమయ్యా దర్జీ! ఉన్నావా, పోయావా?"

ఉలిక్కిపడి లేచి వీధి గదిలోకి పరిగెత్తాడు. గుమ్మంలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒంటికాలి మీద లేచి ఉన్నాడు. కొత్త కోటు రెండు చంకల దగ్గరా చిరిగి లోపలి చొక్కా కనపడుతోంది.

"ఏం కుట్టావయ్యా ఇది? కూడలిలో నిలబడి చెయ్యెత్తితే చెయ్యి లేవదు! లారీవాడు నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు. గట్టిగా ఎత్తితే ఇదిగో, పర్రున చిరిగింది. నలుగుర్లో నా పరువు తీశావు!"

"సరిగ్గానే కొలిచానే సార్..."

"ఎప్పుడు కొలిచావు? నేను డ్యూటీ దిగొచ్చి నీ కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే కొలిచావు! లేపితే ఏం పోయింది? పడుకుని ఉన్నవాడికి సరిపోయేలా కుట్టావు. నేను పడుకోడానికి కోటు వేసుకోనయ్యా, పని చెయ్యడానికి వేసుకుంటాను!"

దర్జీ ఆ చిరుగులో వేలు పెట్టి చూశాడు. చంక దగ్గర వదులు పెట్టకుండా కోటు కత్తిరించే పొరపాటు ఆయన పని నేర్చుకునే రోజుల్లో కూడా చెయ్యలేదు. చెయ్యి ఎత్తించి, వంచి, తిప్పి చూసుకుని గాని కత్తెర పట్టేవాడు కాదు. ఈ మధ్య బుర్ర ఇక్కడ ఉంటేగా! ఆ వెంటనే కటింగు బల్ల అంచున వరసగా నిద్రపోతున్న కోళ్లు కళ్ల ముందుకొచ్చాయి. ఈకల్లోకి లాక్కున్న మెడలు, ముడుచుకున్న రెక్కలు.

"నిద్రపోతుంటే కొలిచాను సార్" అన్నాడు నీరసంగా. "అన్నిటినీ నిద్రపోతుంటేనే కొలిచాను."

కానిస్టేబుల్‌కి ముక్క అర్థం కాలేదు. కోటు విప్పి కుర్చీ మీద పడేసి, రేపటికల్లా కావాలని చెప్పి వెళ్లిపోయాడు. దర్జీ తలుపు సందులోంచి మంచం వైపు చూశాడు. మిషన్‌కీ గోడకీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో భార్య ముడుచుకుని పడుకుని ఉంది. అటు తిరగాలన్నా ఆయన మోకాలు తగులుతుంది. ఆవిడ ఏడవడానికి కూడా చోటు లేకుండా చేసింది తనే అని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

ఆ సాయంత్రమే మళ్లీ వడ్రంగి వచ్చాడు.

"గూడు విప్పెయ్యాలి తమ్ముడూ."

"నే ముందే అన్నానా లేదా?"

"అన్నావు. ఇప్పుడు తిట్టు, పడతాను. తిట్టాక ఈ గోడ పడగొట్టు."

చూపించింది కటింగు గది గోడని. పెళ్లయిన కొత్తలో కష్టపడి వేయించుకున్న గది అది, ఆయనకి ప్రాణంతో సమానం. వడ్రంగి తిట్టడం మానేసి సుత్తి అందుకున్నాడు. పెరటి వైపు గోడ సగం తీసేశారు. పెరడంతటికీ చుట్టూ, పైనా వల బిగించి, దానికో తలుపు పెట్టారు. గదిలో వెడల్పుగా వాలే కర్రలు కట్టారు, పెరట్లో ఓ మూల బూడిదా ఇసుకా కలిపి పోశారు. గుడ్లు పెట్టడానికి గడ్డి పరిచిన పెట్టెలు ఓ నాలుగు చాలన్నాడు వడ్రంగి, ఎన్ని పెట్టినా అన్నీ ఒకే పెట్టె కోసం కొట్టుకుంటాయట. ఈసారి దర్జీ మెడలో టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. రాణిగారు రెక్కలు విప్పి దులుపుకునేదాకా ఆగి, ఆ వెడల్పు చూసి గుడ్లప్పగించాడు. ఇంతుంటుందా కోడి!

కటింగు బల్ల వీధి గదిలోకి వెళ్లింది. తర్వాత ఆయన పడకగదిలోకి వచ్చి మిషన్‌ని పట్టుకుని లాగాడు. చప్పుడుకి ఆవిడ కళ్లు తెరిచింది.

"ఎక్కడికి?" అంది.

"దాని చోటుకి" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, మంచం పక్కనున్న మంచినీళ్ల గ్లాసు కూడా తీసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఇరుకంతా ఆయనకే. దుకాణంలో బల్లకీ మిషన్‌కీ మధ్య అడ్డంగా నడవాలి, కత్తెర పట్టాలంటే మోచెయ్యి గోడకి కొట్టుకోవాలి. అయినా నోరెత్తలేదు. రోజుకి వందసార్లు ఆవిడ దగ్గరికి వెళ్లాలనిపించేది, వెళ్లి దుప్పటి సర్దాలనిపించేది. పళ్లు బిగబట్టుకుని దారం ఎక్కించుకునేవాడు. ఓ మధ్యాహ్నం పడకగది కిటికీ తెరుచుకున్న చప్పుడు వినపడింది. ఎవరు తెరిచారో చూడ్డానికి లేచి, మళ్లీ కూర్చున్నాడు.

కోళ్లు మాత్రం ఆయన మీద జాలిపడి వెంటనే గుడ్లు పెట్టెయ్యలేదు. ముందు బూడిదలో పొర్లాయి. ఎండలో ఒక రెక్కా ఒక కాలూ బారజాపుకుని చచ్చినట్టు పడుకుని ఆయన్ని హడలగొట్టాయి. కొట్టుకున్నాయి, కలిశాయి, వల మీది ఆకాశంలో మబ్బులు పోతుంటే అన్నీ ఒకేసారి తలలు వంచి ఒంటికన్నుతో చూశాయి. చుక్కలదాని వీపు మీద ముళ్లలాంటి కొత్త ఈకలు మొలిచాయి. గండుపిల్లి వల మీద రెండుసార్లు జారి, విసుగెత్తి ఇంకో వీధికి మకాం మార్చింది. గుడ్డు మాత్రం లేదు. పొద్దుటి మంచులో దర్జీ వంటగది గుమ్మంలో నిలబడి, కళ్లు కాయలు కాచేలా చూసి, పనిలోకి వెళ్లేవాడు.

ఆ రోజు కూడా అలాగే నిలబడి ఉన్నాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే కోళ్లగది ఉందో లేదో తెలియడం లేదు. అందులోంచి ఒక్కసారిగా బొద్దుపిల్ల గొంతు లేచింది. దానికి రాణిగారు వంత పాడింది. ఇంకోటి, ఇంకోటి. దర్జీ పరిగెత్తబోయాడు. భుజం మీద చెయ్యి పడింది.

వెనకాల ఆవిడ. శాలువా లేదు, జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"మీరు రాకండి" అంది.

వలతలుపు తీసుకుని లోపలికి వెళ్లి వెనకాలే వేసుకుంది. మంచులో మనిషి కనపడకుండా పోయింది. గడ్డి కదిలిన చప్పుడు వినపడింది. ఏదో కోడి మెల్లగా పలకరించింది. కాసేపటికి, మొదట దగ్గులాగా, తర్వాత ఎవరినో పిలిచినట్టు, ఆవిడ ఏడుపు మొదలైంది. "చెల్లీ" అంది. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా బయటపెట్టి, గొంతెత్తి, పసిపిల్లలా ఏడ్చింది.

దర్జీ చెయ్యి అలవాటు కొద్దీ నీళ్లగ్లాసు మీదికి పోయింది. గ్లాసు నిండింది కూడా. ఒక అడుగు వేశాడు. గడప మీద ఆగిపోయాడు. నిండిన గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, నీళ్లు ఒలికి కాళ్ల మీద పడుతున్నా, అక్కడి నుంచి కదల్లేదు. అన్నేళ్ల జీవితంలో అంత కష్టమైన పని ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

మంచు పలచబడింది. వల మీద నీటిచుక్కలు మెరవడం మొదలయ్యాక ఆవిడ బయటికి వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి, జుట్టులో గడ్డిపరకలు ఉన్నాయి. అచ్చం మరదలే నడిచొస్తున్నట్టు అనిపించింది దర్జీకి.

ఆవిడ దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్న గుడ్డుని ఈసారి ఆయన చెంపకి ఆనించింది.

"చూడండి. ఇది ఇస్త్రీ చేసింది కాదు" అంది.

అని నవ్వింది. ఆ నవ్వు చూశాక దర్జీ వల్ల కాలేదు. అక్కడే గడప మీద కూలబడి, ఒక చేత్తో మొహం కప్పుకుని, "నన్ను బావా అని పిలిచేదే" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని ఆ నీళ్లు కోళ్ల గిన్నెలో పోసింది. వచ్చి పక్కన కూర్చుంది. ఏడవద్దని మాత్రం అనలేదు.